గేమ్ పనితీరును స్క్రిప్టుతో కొలవడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో గ్రాఫిక్స్ కార్డుల ఎంపిక గురించి రాస్తూ, గేమ్ పనితీరు పరీక్షలను చేత్తో కాకుండా స్క్రిప్టుతో, అంటే కంప్యూటరే దానంతట అది చేసుకుపోయేలా రాసిన ఆదేశాల వరసతో, నడిపితేనే వచ్చిన అంకెలను ఒకదానితో ఒకటి పోల్చడానికి వీలవుతుందని ఒక మాట అన్నాను. ఆ మాట మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఆరింటిని ఎంచుకుని ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: గ్రాఫిక్స్ కార్డులను సమీక్షించే చిన్న యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నాను. ఒక్కో కార్డును 12 గేముల్లో, 3 రిజల్యూషన్లలో, మూడేసి సార్లు పరీక్షిస్తాను. అంటే 108 సార్లు. ఒక్కోసారికి 3 నిమిషాలు వేసుకున్నా 5 గంటలు దాటుతోంది. ఆటోహాట్‌కీ వంటి సాధనంతో మీటలు నొక్కించి ఈ పని రాత్రిపూట దానంతట అదే జరిగేలా చేయవచ్చా?
– ఒక సమీక్షకుడు, కూకట్‌పల్లి

జవాబు: చేయవచ్చు. చాలామంది మొదలుపెట్టేది అక్కడే. అయితే మీటలు నొక్కించడం ఇందులో తేలికైన భాగం. నొక్కిన మీటకు గేమ్ మనం అనుకున్న పనే చేసిందా లేదా అన్నది తేల్చుకోవడం కష్టమైన భాగం. మీ శ్రమలో ఎక్కువ పాలు దానికే కేటాయించండి.

మొదట, మెనూల్లోకి వెళ్లి సెట్టింగ్స్ మార్చే పనిని స్క్రిప్టుకు వీలైనంత తగ్గించండి. చాలా గేములు తమ సెట్టింగ్స్‌ను ఒక ఫైలులోనో, విండోస్ రిజిస్ట్రీలోనో దాచుకుంటాయి. గేమ్ తెరవకముందే ఆ ఫైలును మీరు సిద్ధం చేసుకున్న ప్రతితో మార్చేస్తే మెనూలో వెళ్లాల్సిన దారిలో సగం తగ్గిపోతుంది. మిగిలిన దారిలో కూడా ‘40 సెకన్లు ఆగు, ఎంటర్ నొక్కు’ అన్న పద్ధతి నమ్మదగినది కాదు. ఈరోజు 40 సెకన్లలో తెరుచుకున్న మెనూ రేపు షేడర్లు (గ్రాఫిక్స్ కార్డు కోసం గేమ్ తయారుచేసుకునే చిన్న ప్రోగ్రాములు) మళ్లీ తయారవుతున్నందువల్ల 4 నిమిషాలు తీసుకోవచ్చు. అందుకే తెర మీద ఏ అక్షరాలు కనిపిస్తున్నాయో చదివి, ఫలానా మాట కనిపించిన తర్వాతే మీట నొక్కే పద్ధతి మేలు. కెనడాలోని హార్డ్‌వేర్ పరీక్షల సంస్థ ఎల్‌టీటీ ల్యాబ్స్ తన పరీక్షల కోసం రాసుకున్న పైథాన్ స్క్రిప్టులు ఈ దారిలోనే నడుస్తాయి; వాటిని అందరికీ చూడటానికి వీలుగా బయటపెట్టారు కూడా, కాబట్టి మీరు మొదటి నుంచి రాసుకోనవసరం లేదు. ఫ్రేముల (తెర మీద వరసగా మారే ఒక్కొక్క బొమ్మ) నమోదుకు ఇంటెల్ ఉచితంగా ఇచ్చే ప్రెజెంట్‌మాన్ అనే ప్రోగ్రాము సరిపోతుంది. అది విండోస్ అందించే ఈవెంట్ ట్రేసింగ్ (లోపల జరిగే పనులను నమోదు చేసే ఏర్పాటు) నుంచి ప్రతి ఫ్రేము వివరాన్నీ తీసుకుని ఒక పట్టికగా రాస్తుంది, దాన్ని కమాండ్‌తో ప్రారంభించవచ్చు, ఆపవచ్చు.

ఇప్పుడు కష్టమైన భాగానికి వస్తాను. కొన్నేళ్ల క్రితం నేను రాత్రంతా నడిపిన పరీక్షల్లో ఒక గేమ్‌కు మూడు రిజల్యూషన్లలోనూ దాదాపు ఒకే అంకె వచ్చింది. రిజల్యూషన్ పెరిగినా వేగం తగ్గలేదంటే గ్రాఫిక్స్ కార్డు కాదు, ప్రాసెసరే అడ్డుపడుతోందని మనందరం నేర్చుకున్న పాఠం కదా. నేనూ అలాగే రాసుకున్నాను. రెండు రోజుల తర్వాత తెలిసింది ఏమిటంటే, మానిటర్ నిద్రలోకి జారుకోవడంతో గేమ్ పెద్ద రిజల్యూషన్లను అంగీకరించక మూడుసార్లూ 1080పీలోనే నడిచింది. స్క్రిప్టు మాత్రం అన్నీ సవ్యంగా ముగిశాయని చెప్పింది. ఆనాటి నుంచి ప్రతి పరీక్ష మొదట్లో, చివర్లో తెర బొమ్మ తీసి దాచడం, ఆ బొమ్మ కొలతలు అడిగిన రిజల్యూషన్‌తో సరిపోయాయా అని స్క్రిప్టే సరిచూసుకునేలా చేయడం, సరిపోకపోతే ఆ పరీక్షను లెక్కలోంచి తీసేసి ఎందుకు తీసేసిందో రాయించడం అలవాటు చేసుకున్నాను. గేమ్ వెర్షన్, డ్రైవర్ (గ్రాఫిక్స్ కార్డును నడిపే ప్రోగ్రాము) వెర్షన్, విండోస్ బిల్డ్ సంఖ్య, మెమరీ వేగం, గది ఉష్ణోగ్రత కూడా ప్రతి ఫలితం పక్కనే ఉండాలి. రాత్రి 2 గంటలకు గేమ్ దానంతట అదే అప్‌డేట్ అయితే, ముందు నడిచిన కార్డుకూ తర్వాత నడిచిన కార్డుకూ మధ్య పోలిక చెడిపోతుంది. ఆ సంగతి వెర్షన్ రాసుకున్నవారికి మాత్రమే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడే గేముల్లో మీటలు నొక్కే స్క్రిప్టులను అక్కడి యాంటీ చీట్ వ్యవస్థ మోసంగా భావించి మీ ఖాతాను నిషేధించే ప్రమాదం ఉంది. అలాంటి గేములను శిక్షణ మైదానంలో చేత్తోనే ఆడి కొలవండి, లేదా పరీక్షకు వేరే ఖాతా వాడకుండా ఆ గేమ్‌నే జాబితాలోంచి తీసేయండి.

ప్రశ్న: మా ల్యాప్‌టాప్‌లో ఒక గేమ్ సగటున సెకనుకు 54 ఫ్రేములు చూపిస్తోంది, అయినా ఆడుతుంటే మధ్యమధ్య ఆగి ఆగి కదులుతోంది. ‘1 శాతం లో’ చూడమని మిత్రులు చెప్పారు. ఆ అంకె ఒక ప్రోగ్రాములో 50 అనీ, మరొక దానిలో 33 అనీ వస్తోంది. ఏది నిజం?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: రెండూ నిజమే కావచ్చు, ఎందుకో లెక్కతో చెబుతాను. ముందు సగటు సంగతి. ఒక సెకనులో 50 ఫ్రేములు ఒక్కొక్కటి 12 మిల్లీసెకన్లలో వచ్చాయనుకోండి, అది 600 మిల్లీసెకన్లు. మిగిలిన 400 మిల్లీసెకన్లలో 4 ఫ్రేములే, ఒక్కొక్కటి 100 మిల్లీసెకన్లకు వచ్చాయనుకోండి. మొత్తం 54 ఫ్రేములు, సగటు 54. కానీ ఆ నాలుగు ఫ్రేముల దగ్గర బొమ్మ సెకనులో పదో వంతు కదలకుండా నిలిచిపోయింది, మీ కంటికి తెలిసింది అదే. ఈ కారణంగానే 2011లో ద టెక్ రిపోర్ట్ వెబ్‌సైట్‌లో స్కాట్ వాసన్, సెకనులో ఎన్ని ఫ్రేములు వచ్చాయన్నది కాక ప్రతి ఫ్రేముకూ ఎంత సమయం పట్టిందన్నది చూడాలని వాదిస్తూ రాసిన వ్యాసం సమీక్షల తీరునే మార్చింది. 60 ఫ్రేముల లక్ష్యానికి ఒక్కో ఫ్రేముకు దొరికే గడువు 16.67 మిల్లీసెకన్లు, 144కు 6.94. ఈ గడువు దాటిన ఫ్రేములు ఎన్ని, ఎంతగా దాటాయి అన్నదే ఆటగాడికి కావలసిన సమాచారం.

ఇక ‘1 శాతం లో’. ఒక నిమిషం పరీక్షలో 6,000 ఫ్రేములు నమోదైతే, అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చిన 1 శాతం అంటే 60 ఫ్రేములు. వాటిలో 50 ఫ్రేములు 20 మిల్లీసెకన్లవి, 10 ఫ్రేములు 80 మిల్లీసెకన్లవి అనుకుందాం. కొన్ని ప్రోగ్రాములు ఈ 60లో సరిహద్దున ఉన్న ఫ్రేమును, అంటే 20 మిల్లీసెకన్లను తీసుకుని సెకనుకు 50 ఫ్రేములు అంటాయి. మరికొన్ని ఆ 60 ఫ్రేముల సగటు తీస్తాయి. మొత్తం 1,800 మిల్లీసెకన్లను 60తో భాగిస్తే 30, అంటే సెకనుకు 33 ఫ్రేములు. మొదటి పద్ధతికి ఆ 80 మిల్లీసెకన్ల కుదుపులు కనబడనే కనబడవు. రెండో పద్ధతికి కనబడతాయి కానీ, ఒకే ఒక్క పెద్ద కుదుపు వచ్చిన పరీక్షలో అంకె ఊగిపోతుంది. క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ అనే ప్రోగ్రాము ఈ రెండింటినీ వేర్వేరు పేర్లతో విడిగా చూపిస్తుంది. మీరు స్క్రిప్టు రాసుకుంటే ఈ అంకెలను కాక ప్రతి ఫ్రేము సమయం ఉన్న మూల పట్టికను దాచుకోండి. రేపు ఏ నిర్వచనం కావాలన్నా అందులోంచి తీయవచ్చు, అంకె నుంచి వెనక్కి పట్టికకు మాత్రం వెళ్లలేరు.

ప్రశ్న: మా ఇంటికి దగ్గరలోనే మెస్కీట్ ఊరు ఉంది, ఒకప్పుడు డూమ్, క్వేక్ గేములు చేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉన్నది అక్కడే. కాలేజీ రోజుల్లో క్వేక్ 3లో టైమ్‌డెమో అని ఒక్క మాట టైప్ చేస్తే చాలు, ఫ్రేముల లెక్క వచ్చేసేది. ఇన్నేళ్ల తర్వాత అంత సులువైన ఏర్పాటు అన్ని గేముల్లో ఎందుకు లేదు?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: మీ ప్రశ్న ఈ విషయం గుండెకాయను తాకింది. టైమ్‌డెమో, అంటే ముందే నమోదు చేసిన ఆటను మళ్లీ నడిపి వేగం కొలిచే ఏర్పాటు, 1993 నాటి డూమ్‌లోనే ఉంది. ఆ గేమ్ తన ప్రపంచాన్ని సెకనుకు సరిగ్గా 35 అడుగులుగా (ఒక్కో అడుగు అంటే ఆట ఒక్క దశ ముందుకు కదలడం) విడగొట్టి నడిపేది. డెమో ఫైలులో ఉండేది బొమ్మలు కాదు, ప్రతి అడుగులోనూ ఆటగాడు నొక్కిన మీటల వివరం. యాదృచ్ఛిక సంఖ్యలు కూడా నిజంగా యాదృచ్ఛికం కాదు, ప్రోగ్రాములో ముందే రాసి ఉంచిన 256 అంకెల పట్టికలోంచి వరసగా వచ్చేవి. అందువల్ల అవే మీటలు మళ్లీ ఇస్తే అవే రాక్షసులు అదే చోట అదే విధంగా దాడి చేసేవి. 1996లో వచ్చిన క్వేక్ పద్ధతి మార్చి, సర్వర్ నుంచి ఆటకు వెళ్లే సందేశాలను నమోదు చేసింది. 1999 నాటి క్వేక్ 3 అదే దారిలో వెళ్లింది. ఏ పద్ధతి అయినా, కంప్యూటర్ వేగంగా ఉన్నా నెమ్మదిగా ఉన్నా చేయవలసిన పని ఒక్కటే, ఎంతసేపట్లో చేసిందన్నదే తేడా. కొలతకు ఇంతకన్నా మంచి పునాది లేదు.

ఇప్పటి గేముల్లో ఆ పునాది కదిలింది. భౌతిక శాస్త్ర లెక్కలు ఫ్రేము సమయాన్ని బట్టి మారతాయి, పనులు అనేక కోర్ల మీద ఏది ముందు ముగుస్తుందో తెలియని క్రమంలో నడుస్తాయి, డిస్కు నుంచి బొమ్మల సమాచారం వచ్చే వేగాన్ని బట్టి కనిపించేది మారుతుంది, వీధిలో నడిచే మనుషులు ప్రతిసారీ కొత్తగా పుడతారు. రికార్డు చేసిన మీటలను తిరిగి ఇస్తే రెండో నిమిషానికల్లా ఆటగాడు గోడకు కొట్టుకుంటూ ఉంటాడు. కావాలని పట్టుబట్టి కట్టిన గేముల్లో మాత్రం ఆ పాత గుణం నిలిచి ఉంది. ఫ్యాక్టోరియో అందుకు మంచి ఉదాహరణ. దాచుకున్న ఒక ఫ్యాక్టరీని కమాండ్ లైన్ నుంచి ఇచ్చి ఇన్ని అడుగులు నడిపి చూపమంటే, తెర తెరవకుండానే నడిపి ఎంత సమయం పట్టిందో చెబుతుంది. గేములు తయారుచేయడానికి వాడే అన్‌రియల్ ఇంజిన్‌లో కూడా అడుగు సమయాన్ని స్థిరంగా ఉంచి నడిపే ఏర్పాటు ఉంది. మిగిలిన గేములు కెమెరా ఒక దారిలో తిరిగే బెంచ్‌మార్క్‌ను (వేగం కొలిచే పరీక్షను) మెనూలో ఇచ్చి సరిపెడుతున్నాయి. 2020 డిసెంబరులో విడుదలైన సైబర్‌పంక్ 2077కు అది 2022 ఫిబ్రవరిలో 1.5 ప్యాచ్‌తో గానీ రాలేదు.

అయితే ప్రతిసారీ ఒకేలా నడిచే పరీక్షకు ఒక బలహీనత ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ప్రశ్నపత్రం ముందే తెలిసిన పరీక్ష అది. 2001లో ఏటీఐ సంస్థ గ్రాఫిక్స్ కార్డు రేడియాన్ 8500 డ్రైవర్ క్వేక్ 3 ప్రోగ్రాము పేరును గుర్తుపట్టి బొమ్మ నాణ్యత తగ్గించి వేగం పెంచుతోందని బయటపడింది. ఆ ప్రోగ్రాము పేరులో క్వేక్‌ను క్వాక్‌గా మార్చి నడిపితే వేగం పడిపోయింది, హార్డ్‌ఓసీపీ వెబ్‌సైట్ ఆ సంగతి ప్రచురించింది. 2003 మేలో ఫ్యూచర్‌మార్క్ సంస్థ తన పరీక్ష ప్రోగ్రాము 3డీమార్క్03లో కెమెరా దారి స్థిరం కాబట్టి, ఆ దారిలోంచి కనబడని భాగాలను గీయకుండా వదిలేసే ఏర్పాటు ఎన్‌విడియా డ్రైవర్‌లో ఉందని ప్రకటించింది. దాన్ని అడ్డుకునే ప్యాచ్ వేశాక ఎన్‌విడియా కార్డు జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5900 అల్ట్రా స్కోరు సుమారు 24 శాతం తగ్గింది. తర్వాతి నెలలో రెండు సంస్థలూ కలిసి ఇచ్చిన ప్రకటన దాన్ని మోసం అనకుండా, ఒక అప్లికేషన్ కోసం ప్రత్యేకంగా చేసిన మెరుగుదల అని పేర్కొంది. పేరు ఏది పెట్టినా, మామూలుగా గేమ్ ఆడేవారికి ఆ 24 శాతం అందదు. అందుకే నేను మెనూలోని బెంచ్‌మార్క్‌తో పాటు, అదే గేమ్‌లో దాచుకున్న ఒక సేవ్ నుంచి మొదలుపెట్టి ఒక రద్దీ వీధిలో ముందుకు నడిచే దారిని కూడా కొలుస్తాను. అంకెల ఊగిసలాట ఎక్కువ ఉంటుంది, కానీ రెండు కార్డుల వరస ఈ రెండు పరీక్షల్లో తారుమారైతే అది తప్పక చూడవలసిన చోటని తెలుస్తుంది.

ప్రశ్న: మాది పదిమంది ఉన్న గేమ్ స్టూడియో. ప్రతి రాత్రీ తయారయ్యే బిల్డ్ (అప్పటిదాకా రాసిన కోడ్‌తో తయారైన గేమ్ ప్రతి) మీద 20 దృశ్యాల్లో పనితీరు పరీక్ష నడుపుతున్నాం. దాదాపు ప్రతి ఉదయం ఏదో ఒక దృశ్యం నెమ్మదించిందని హెచ్చరిక వస్తోంది, వెతికితే కారణం ఏమీ ఉండటం లేదు. ఇప్పుడు ఆ హెచ్చరికలను ఎవరూ చూడటం మానేశారు.
– ప్రోగ్రామర్, మాదాపూర్

జవాబు: హెచ్చరికలను ఎవరూ చూడని పరీక్ష లేనిదానితో సమానం కాబట్టి దీన్ని వెంటనే సరిచేసుకోవాలి. మీ స్థితిలో తప్పు ప్రోగ్రామర్లది కాదు, లెక్కది. ఒక్కో దృశ్యంలో అకారణంగా హెచ్చరిక వచ్చే అవకాశం 5 శాతమే అనుకున్నా, 20 దృశ్యాల్లో కనీసం ఒక దానిలోనైనా వచ్చే అవకాశం 64 శాతం. అంటే కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా వారంలో నాలుగు రోజులు గంట మోగుతుంది.

మొదట చేయవలసినది, ఒకే బిల్డ్‌ను దానితోనే పోల్చడం. నిన్నటి బిల్డ్‌ను ఒకే రాత్రి 10 సార్లు నడిపి, ప్రతి దృశ్యంలోనూ అంకె ఎంత ఊగుతోందో చూడండి. ఒక దృశ్యం అర శాతం లోపు నిలకడగా ఉండవచ్చు, నీటి అలలూ జనసమూహమూ ఉన్న మరొకటి 6 శాతం ఊగవచ్చు. అన్నిటికీ ‘3 శాతం దాటితే హెచ్చరిక’ అని ఒకే గీత గీస్తే మొదటి దానిలో నిజమైన నష్టాలు హెచ్చరిక లేకుండానే జారిపోతాయి, రెండో దానిలో అబద్ధపు గంటలు మోగుతాయి. గీత ప్రతి దృశ్యానికీ దాని ఊగిసలాటను బట్టి ఉండాలి. గీత దాటగానే మనిషిని పిలవకుండా, యంత్రమే పాత బిల్డ్‌నూ కొత్త బిల్డ్‌నూ ఒకటి విడిచి ఒకటిగా మరో ఐదేసి సార్లు నడిపి, తేడా నిలబడితేనే ఉత్తరం పంపాలి. పాతవన్నీ ముందు, కొత్తవన్నీ తర్వాత నడపకండి. అలా చేస్తే యంత్రం వేడెక్కడం వల్ల వచ్చిన తేడా అంతా కొత్త బిల్డ్ ఖాతాలో పడుతుంది.

పరీక్ష యంత్రం ఆ పనికే కేటాయించినదై ఉండాలి. పగలు ఎవరో ఆర్టిస్టు పనిచేసే కంప్యూటర్‌నో, అద్దెకు తెచ్చుకున్న వర్చువల్ మెషీన్‌నో రాత్రికి వాడుకోవడం వల్ల మిగిలే డబ్బు కన్నా వెతుకులాటలో పోయే జీతం ఎక్కువ. కోడ్‌లో మార్పు పట్టుకోవడమే ఉద్దేశమైతే గ్రాఫిక్స్ కార్డు గడియార వేగాన్ని (క్లాక్ స్పీడ్) ఒక చోట బిగించవచ్చు, ఎన్‌విడియా కార్డులకు దాని కమాండ్ సాధనంలోనే ఆ వీలుంది. అంకె నిలకడగా వస్తుంది. కొనుగోలుదారులకు చెప్పే అంకెకు మాత్రం బిగించకూడదు, వారి ఇళ్లలో అది బిగించి ఉండదు.

మొత్తం ఫ్రేము సమయం ఒక్కటే నమోదు చేస్తున్నారేమో చూసుకోండి. గేమ్ థ్రెడ్ (ప్రాసెసర్ మీద ఆట లెక్కలు చేసే భాగం), రెండర్ థ్రెడ్ (గీయవలసిన వాటిని సిద్ధం చేసే భాగం), గ్రాఫిక్స్ కార్డు తీసుకున్న సమయాలు విడివిడిగా ఉంటే, గ్రాఫిక్స్ కార్డు అడ్డుపడే దృశ్యంలో గేమ్ థ్రెడ్ 4 మిల్లీసెకన్ల నుంచి 7కు పెరిగిన సంగతి దాగిపోదు. మొత్తం మారలేదు కాబట్టి ఈరోజు ఎవరికీ తెలియదు, మంచి కార్డు ఉన్న ఆటగాడికి రేపు తెలుస్తుంది. అన్‌రియల్‌లో సీఎస్‌వీ ప్రొఫైలర్, యూనిటీలో పర్ఫార్మెన్స్ టెస్టింగ్ ప్యాకేజీ ఈ నమోదుకు పనికొస్తాయి.

చివరిగా, నిన్నటితో మాత్రమే పోల్చకండి. రోజుకు అర శాతం చొప్పున నెమ్మదిస్తే ఏ రోజూ గంట మోగదు, 20 రోజుల తర్వాత చూస్తే 10 శాతం పైగా పోయి ఉంటుంది. గత విడుదల బిల్డ్‌ను వారానికొకసారి అదే యంత్రం మీద మళ్లీ నడిపి దానితో కూడా పోల్చండి. పాత అంకెను నోటుపుస్తకంలోంచి తీసి పోల్చడం చాలదు, మధ్యలో డ్రైవర్ మారి ఉండవచ్చు.

ప్రశ్న: మేము చేసిన ఆండ్రాయిడ్ గేమ్ జనవరిలో పరీక్షించినప్పుడు సాఫీగా నడిచింది. మే నెలలో అదే ఫోన్, అదే బిల్డ్, మధ్యాహ్నం నడిపితే పావుగంటకే నత్తనడక నడుస్తోంది. పరీక్ష తప్పా, గేమ్ తప్పా?
– ఒక పాఠకురాలు, రామగుండం

జవాబు: రామగుండం మే మధ్యాహ్నం సంగతి తెలిసినవారెవరూ ఫోన్‌ను తప్పుబట్టరు. ఫోన్‌లో ఫ్యాను లేదు. లోపల పుట్టిన వేడి చుట్టూ ఉన్న గాలిలోకి పోవాలి, గాలే 45 డిగ్రీల దగ్గర ఉంటే పోయే దారి ఇరుకైపోతుంది, చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మీ ఆటగాళ్లలో చాలామంది ఏసీ లేని గదుల్లో ఆడేవారే అయితే, తప్పు జనవరి పరీక్షదే అనుకోవాలి. 3 నిమిషాల పరీక్షకు ఇది ఎన్నటికీ తెలియదు. కనీసం 20 నిమిషాలు నడిపి, మొదటి 5 నిమిషాల అంకెనూ చివరి 5 నిమిషాల అంకెనూ వేర్వేరుగా రాయండి. రెండింటినీ కలిపి సగటు తీస్తే రెండూ పోతాయి. యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి ఉంచితే ఫోన్ ఛార్జి అవుతూ అదనంగా వేడెక్కుతుంది కాబట్టి ఏడీబీని (కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్ ఫోన్‌కు ఆదేశాలు పంపే సాధనం) వైఫై మీద నడపండి. ప్రతి పరుగుకు ముందు బ్యాటరీ ఉష్ణోగ్రత నిర్ణీత స్థాయికి దిగేదాకా స్క్రిప్టును ఆగమనండి. వేసవి పరీక్ష, శీతాకాలపు పరీక్ష అని రెండు పెట్టుకుని, రెండింటికీ గది ఉష్ణోగ్రతను రాసుకోవడం మన ప్రాంతపు స్టూడియోలకు అవసరమని నా గట్టి అభిప్రాయం.

గూగుల్ ప్లే తన ఆండ్రాయిడ్ వైటల్స్‌లో గేములకు పెట్టిన కొలమానం కూడా మీకు ఉపయోగపడుతుంది: ముందు ఫ్రేము తర్వాత 50 మిల్లీసెకన్లలోపు రాని ఫ్రేమును అది నెమ్మదైనదిగా లెక్కిస్తుంది, అలాంటివి 25 శాతం దాటిన ఆటను నెమ్మదైన సెషన్ అంటుంది. మీ స్క్రిప్టులో అదే లెక్క వేసుకుంటే విడుదలకు ముందు అంకెనూ తర్వాత ఆటగాళ్ల ఫోన్ల నుంచి వచ్చే అంకెనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

ప్రశ్న: ఫ్రేమ్ జనరేషన్ పెడితే 60 ఉన్నది 110 చూపిస్తోంది. స్క్రిప్టు దీన్ని ఏ అంకెగా రాయాలి?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: రెండు గళ్లలో రాయాలి. 2022లో ఎన్‌విడియా డీఎల్ఎస్ఎస్ 3తో వచ్చిన ఈ పద్ధతిలో, గేమ్ గీసిన రెండు ఫ్రేముల మధ్య ఇంకొకటి పుట్టించి చూపిస్తారు; మధ్యది పుట్టాలంటే రెండోది అప్పటికే సిద్ధమై, చూపకుండా ఆగి ఉండాలి. అందువల్ల కంటికి కదలిక నునుపుగా కనిపిస్తుంది, మీట నొక్కినదానికి స్పందన మాత్రం 110 ఫ్రేముల గేమ్‌లా ఉండదు, పెట్టకముందు ఉన్నదానికన్నా కొంచెం ఆలస్యం కూడా అవుతుంది. గేమ్ నిజంగా గీసిన ఫ్రేములు ఒక గడిలో, తెర మీదికి వచ్చినవి మరో గడిలో, వీలైతే మీట నుంచి తెర దాకా పట్టిన సమయం మూడో గడిలో ఉంచండి. మీరు చెప్పిన 110లో గేమ్ గీసినవి 55 మాత్రమే అయి ఉంటాయి. ఆ పద్ధతి నడవడానికి గ్రాఫిక్స్ కార్డు చేసే అదనపు పని వల్ల 60 కాస్తా 55కు తగ్గిందని మొదటి గడి చూసినప్పుడే తెలుస్తుంది.